‘రన్’ క్రియను నేర్చుకునే తీరు

చిరంజీవి మనుమరాలికి ఆశీస్సులు.

‘రన్’ అనే ఇంగ్లీషు క్రియకు ఉన్న అర్థాలన్నీ రాసుకుని వల్లె వేస్తున్నానని నీవు రాసిన ఉత్తరం అందింది. నీ శ్రద్ధ మెచ్చదగినదే కాని, ఆ పద్ధతి మానుకోవాలని నా కోరిక. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ సంపాదకులు ఆ ఒక్క క్రియకే 600కు పైగా అర్థాలు చూపారు. అవి కంఠస్థం చేస్తే పట్టుబడేవి కావు.

మన ‘ఆడు’ను చూడు. పిల్లలు ఆడతారు, సినిమా వంద రోజులు ఆడుతుంది, ఉక్కపోతలో ఊపిరాడదు, నెలాఖరున చేతిలో డబ్బు ఆడదు. ఇవి నీకెవరూ జాబితాగా నేర్పలేదు. పక్కనున్న మాటే అర్థం చెప్పింది. ‘రన్’ కనబడినప్పుడు కూడా కర్త ఏమిటో, కర్మ ఉన్నదో లేదో ముందుగా చూడు. కర్మ లేనప్పుడు, కర్త నది అయితే పారడం, ముక్కు అయితే కారడం, బస్సు అయితే తిరగడం, ఉతికిన చీర రంగు అయితే దిగడం అని అర్థం. కొట్టో, బడో, కంపెనీయో కర్మగా వస్తే అది నడపడం. వీటన్నిటి అడుగునా సాగుతూ ఉండడమనే భావం ఉన్నది కనుక, దానిని పట్టుకుంటే కొత్త వాక్యం కూడా సగం లొంగుతుంది.

అసలు జాగ్రత్త క్రియ వెంట చేరే చిన్న మాటల దగ్గర కావాలి. స్నేహితురాలు అనుకోకుండా ఎదురుపడితే ‘రన్ ఇన్‌టు’ అనాలి. ‘రన్ ఓవర్’ అంటే ఆమెను బండితో తొక్కించినట్లు. ‘రన్ అవుట్’ అనగానే మనకు క్రికెట్ తోస్తుంది గాని, ఇంట్లో పాలు అయిపోయినా అదే మాట. పాలు కర్త అయితే ‘ది మిల్క్ హాజ్ రన్ అవుట్’, మనం కర్తలమైతే ‘వి హావ్ రన్ అవుట్ ఆఫ్ మిల్క్’. ఆ ‘ఆఫ్’ను మనవాళ్లు తరచుగా వదిలేస్తారు, ‘హావ్’ తరువాత ‘రన్’కు బదులు ‘రాన్’ కూడా వాడేస్తారు.

నిఘంటువు విషయం కూడా చెప్పాలి. పైన చెప్పిన పెద్ద నిఘంటువు అర్థాలను చరిత్ర క్రమంలో ఇస్తుంది కనుక, నేటి వాడుక అందులో ఎక్కడో అడుగున ఉండవచ్చు. నీకు కావలసినది విద్యార్థుల కోసం కూర్చిన నిఘంటువు. జపాన్‌లో ఇంగ్లీషు బోధించిన హార్న్‌బీ 1942లో తెచ్చిన నిఘంటువు ఈ కోవకు చెందినదే. దాని తరువాతి రూపాన్ని నేడు ఆక్స్‌ఫర్డ్ వారు ప్రచురిస్తున్నారు. అందులోని అర్థాలను దాటి ఉదాహరణ వాక్యాలు చదువు. వాటిలో నచ్చిన వాడుకతో మీ ఇంటి సంగతి ఒక వాక్యంగా రాసి, వచ్చే ఉత్తరంలో నాకు పంపు, దిద్ది పంపుతాను.

ఇట్లు,
మీ తాతయ్య