బాణపు ములుకులు చేయబోతున్న అమ్మాయికి

విశాఖపట్నం

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మధ్య శిలాయుగపు బాణాలను నీ చేతులతోనే చేసి, గురిపై వేసి, ములుకులు ఏ విధంగా విరుగుతాయో పరిశీలించబోతున్నావని మీ నాన్న చెప్పాడు. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. తెల్లవారేసరికి నీ కళ్ల గురించి దిగులు మొదలైంది.

పలుగురాయి కొట్టేటప్పుడు కళ్లద్దాలు, తొడపై దళసరి తోలు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. మూసిన గదిలో కొట్టవద్దు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. గుగ్గిలం, తేనెమైనం, జేగురుపొడి కలిపిన బంకను సన్నని సెగపైనే కరిగించు. ప్రతి ములికికీ అంకె వేసి ముందే ఫొటో తీయి. లేకుంటే అది గురికి తగిలి విరిగిందో, నీ చేతిలోనే విరిగిందో తేల్చలేవు.

ఇక నేను చేసిన తప్పు. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల్లో మధ్య శిలాయుగపు సూక్ష్మ శిలాపరికరాలు, అంటే చిన్న చిన్న రాతి పనిముట్లు దొరుకుతాయి కనుక, అక్కడే కూర్చుని పనిచేస్తే ఆనాటివారి ఒడుపు నాకూ అబ్బుతుందని వయసులో ఉన్నప్పుడు నమ్మాను. వేరే చోటి నుంచి మోసుకెళ్లిన, ఎర్రని చార ఉన్న చెకుముకి రాయిని ఒక చలికాలమంతా కొట్టి, పెచ్చులను ఇసుకలోనే వదిలివచ్చాను. రెండేళ్ల తరువాత ఒక విద్యార్థి, వేల ఏళ్ల నాటివి దొరికాయంటూ వెలిగిపోతున్న ముఖంతో నా ముందు రుమాలు విప్పాడు. అందులో ఆ ఎర్రని చార కనిపించింది. ఆ రోజు నోరు పెగల్లేదు. మరునాడు అతని ఇంటికి వెళ్లి నిజం చెబితే, అతడు ఒక్క మాటైనా అనకుండా రుమాలు మడిచి నా చేతిలో పెట్టాడు. దిబ్బలకు వెళ్లి దొరికినన్ని ఏరాను. గాలివానలకు ఇసుకలో కూరుకుపోయినవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. రాయి పుట్టిన కాలాన్ని కొలవవచ్చు గానీ, దానిని మనిషి పగలగొట్టిన కాలం సాధారణంగా ఆ రాతిని చూసి తెలియదు. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించిన ఆ చోటికి నీ రాయి ఒక్కటి కూడా తీసుకెళ్లవద్దు, అక్కడి రాయి తేవద్దు. మన డాబాపై టార్పాలిన్ పరిచి కొట్టు. ప్రతి పెచ్చునూ డబ్బాలో వేసి తేదీ రాయి.

నీకు చిన్నప్పటి నుంచీ తొందర ఎక్కువ. బాణం గురి తప్పిందని ఆనాటివారి ఆయుధాన్ని తక్కువ చేయకు. జర్మనీలోని షోనింగెన్‌లో దొరికిన ఆదిమానవుల కొయ్య ఈటెలకు నకళ్లు చేసి, ఈటె విసరడంలో శిక్షణ పొందిన క్రీడాకారులకు ఇచ్చినప్పుడు 20 మీటర్ల దూరంలోని గురిని తాకగలిగారు. కాబట్టి విలువిద్య నేర్చినవారి చేత కూడా వేయించు.

ఆదివారం వస్తాను. తోలు నా దగ్గరే ఉంది, కళ్లద్దాలు కొని తెస్తాను. అంతవరకు రాయి ముట్టుకోకు, తల్లీ.

నీ పెదనాన్న