సక్యులెంట్ ఆకు నుంచి కొత్త మొక్క: అసలు సంగతి ఆకు మొదట్లో ఉంది

ఎచివేరియా (దళసరి ఆకుల్లో నీరు దాచుకునే ఒక సక్యులెంట్ మొక్క) ఆకులు తుంచి మట్టిలో గుచ్చి, రోజూ నీళ్లు పోస్తున్నా కుళ్లిపోతున్నాయని అడిగారు. రోజూ పోయడం వల్లే కుళ్లుతున్నాయి. అయితే అంతకంటే ముందు చూడాల్సింది మీరు ఆకు ఎలా తుంచుతున్నారన్నది.

ఎచివేరియా, సెడమ్ లాంటివాటిలో కొత్త మొక్క ఆకు మొదట్లోనే, అంటే కాండానికి అతుక్కున్న చోటే పుడుతుంది. మళ్లీ విభజన చెంది వేర్లుగా, మొగ్గగా మారగల కణాలు ఉండేది అక్కడే. అందుకే నేను కత్తెర ముట్టను. అడుగు వరసలో దళసరిగా ఉన్న ఆకును వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ మెల్లగా కదిపితే టక్కున ఊడి వస్తుంది. మొదలు చిరిగి కాండానికే ఉండిపోతే ఆ ఆకు మీద ఆశ వదులుకోండి.

ఊడిన చోటు ఎండి పొర కట్టేదాకా రెండు మూడు రోజులు నీడలో ఉంచి, తర్వాత పొడి మట్టి మీద ఊరికే పడుకోబెట్టండి. బాగా వెలుతురు తగలాలి, ఎర్రటి ఎండ వద్దు. నీళ్లకు తొందర లేదు. కావాల్సిన నీరూ ఆహారమూ ఆకులోనే నిల్వ ఉన్నాయి. వేర్లు రాకముందు పోసే నీళ్లు బూజుకే పనికొస్తాయి. కొన్ని వారాలకు దారాల్లాంటి వేర్లు, వాటి పక్కనే మినపగింజంత ఆకుల గుత్తి కనిపిస్తాయి. నా దగ్గర చాలాసార్లు వేర్లు లేత గులాబీ రంగులో వచ్చాయి. అప్పుడు వేర్ల మీద కాస్త మట్టి కప్పి, ఆరినప్పుడల్లా తడపండి. పాత ఆకు ముడతలు పడిందని టెన్షన్ పడి పీకేయకండి, పిల్ల మొక్క దాన్ని తినే పెరుగుతోంది. పూర్తిగా ఎండాక అదే ఊడుతుంది.

కొన్ని ఆకులకు గుబురుగా వేర్లు వస్తాయి కానీ మొగ్గ మాత్రం రాదు. అందుకే నేనెప్పుడూ నాలుగు ఎక్కువే పెడతాను.

అన్ని మొక్కలకూ ఈ పద్ధతి కుదరదు. కలబంద ఆకు పాతితే దాదాపు ఎప్పుడూ కుళ్లిపోవడమే, దానికి పిలకలు వేరు చేసుకోవాలి. రణపాలకైతే ఆకు అంచు నొక్కుల్లోనే పిల్లలు మొలుస్తాయి. స్నేక్ ప్లాంట్ ఆకును అడ్డంగా ముక్కలు కోసినా వేర్లు వస్తాయి, కింది కొస కిందికే ఉండాలి. కానీ పసుపు అంచు రకం ఆకు ముక్క నుంచి వచ్చేది మామూలు పచ్చ మొక్కే. ఆ అంచు కావాలంటే దుంప విడదీసి నాటుకోండి.