పొమేరియన్‌కి టానిక్ పట్టాలా?

ప్రశ్న: మాది దిల్‌సుఖ్‌నగర్. మా పొమేరియన్ కుక్కకి నాలుగేళ్లు, బరువు మూడు కిలోలు. ఎక్కువగా పెరుగన్నమే తింటుంది. షాపులో కాల్షియం సిరప్, మల్టీవిటమిన్, చేప నూనె మూడూ ఇచ్చారు. వాడమంటారా?

జవాబు: ముందు ఆ మూడు సీసాలూ పక్కన పెట్టండి, గిన్నెలో ఏముందో చూద్దాం. రోజంతా పెరుగన్నమే అయితే మాంసకృత్తులు చాలవు, జింక్, కొన్ని విటమిన్లు కూడా తగ్గుతాయి, ఆ లోటును సీసా మందుతో పూడ్చడం కంటే తిండి మార్చడమే నయం. ప్యాకెట్ మీద 'కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్' అని ఉన్న చిన్న జాతి కుక్కల తిండిని వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా అలవాటు చేస్తే ఆరోగ్యంగా ఉన్న కుక్కకి వేరే టానిక్ అక్కర్లేదు. ఇంటి వంటే పెడతానంటే మాత్రం కాల్షియం కలపాల్సిందే, ఎందుకంటే ఎముకలేని మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ. ఎంతన్నది డాక్టరు లెక్కకట్టి చెప్పాలి.

మూడు కిలోల కుక్కకి రోజుకి సుమారు 200-250 కేలరీలు చాలు. ఒక్క టీస్పూన్ చేప నూనెలోనే 40 దాకా ఉంటాయి! ఇక విటమిన్ ఎ, డి ఒంట్లో పేరుకుపోతాయి, డి మరీ ఎక్కువైతే కిడ్నీలు దెబ్బతింటాయి. మనుషుల మాత్రలు అసలు వద్దు, కొన్నింట్లో జైలిటాల్ అనే, చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం ఉంటుంది, కుక్కలకి అది విషం. కూర కలిపిన అన్నం కూడా వద్దు, ఉల్లి, వెల్లుల్లి పడవు.

బొచ్చు రాలుతోందా, నీరసంగా ఉందా? రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో చూపించండి.