చిట్టీ ఎత్తి జీపు టాప్ వేయించొచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. నాకు 51 ఏళ్లు, ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని. మా నాన్న 1984లో ఒక ప్రభుత్వ శాఖ వేలంపాటలో కొన్న మహీంద్రా జీపు ఉంది, 1968 మోడల్. 1992లో డీజిల్ ఇంజన్ వేయించి ఆర్సీలో కూడా ఎక్కించారు. నాన్న పోయి రెండేళ్లయింది, ఆర్సీ ఇంకా ఆయన పేరు మీదే ఉంది. దాని గడువు ఈ మార్చిలో అయిపోయింది, ఇన్సూరెన్స్ కూడా లేదు. 2023 జులై వానలకు నయీంనగర్ నాలా పొంగినప్పుడు షెడ్డులోకి నీళ్లొచ్చాయి. అప్పటి నుంచి టాప్ పైపులు, అవి దిగే సాకెట్లు, అద్దం ఫ్రేము అడుగుభాగం తుప్పు పట్టాయి, గుడ్డ చినిగింది. హైదరాబాద్‌లో పాత బండ్లు బాగుచేసే ఒకాయన అన్నీ కొత్తవి వేసి రంగుతో కలిపి 1,20,000 అన్నాడు, జీఎస్టీ అదనం. ఇక్కడి ఆటోనగర్ మేస్త్రీ ఉన్నవే బాగుచేస్తే పైపులు, సాకెట్లకు 14,000, అద్దం ఫ్రేముకు 9,000, గుడ్డకు 18,000 అంటున్నాడు. మూడు లక్షల చిట్టీలో తొమ్మిది నెలలు కట్టాను. ఈ నెల పాట పాడి కొత్తవే వేయిద్దామని ఉంది. ఉన్నదున్నట్టు అమ్మితే మూడున్నర లక్షలిస్తామని ఒకరు అడిగారు. టాప్ కొత్తదైతే ఆరు పలుకుతుందని, అలా చేసి అమ్మేద్దామని మా అబ్బాయి గొడవ. ఏం చేయమంటారు?

జవాబు: సార్, మీ ఉత్తరంతో పాటు పంపిన లెక్క కాగితం చూశాను. జీతం 62,000. ఇంటి లోన్ ఈఎంఐ 18,500, చిట్టీ సుమారు 8,500, ఇల్లు గడవడానికి 22,000, పాప బీటెక్ ఫీజు నెలకు ఏడు వేల లెక్క. మొత్తం 56,000. మీ చేతిలో మిగిలేది ఆరు వేలు. బ్యాంకులో ఎఫ్‌డీ లక్షా పది వేలు. ఇవి కాక పరకాల దగ్గర రెండెకరాల కౌలు, సంక్రాంతికి 30,000.

ముందు చిట్టీ సంగతి చూద్దాం, ఈ నెల పాట దగ్గరికొచ్చేసింది కాబట్టి. మీ గ్రూపులో ఈ మధ్య పాట 75,000 దాకా పోతోందన్నారు. అంటే ఇప్పుడు ఎత్తితే చేతికి వచ్చేది 2,25,000. అదే చివరి నెలల దాకా ఆగితే కంపెనీ కమీషన్ 15,000 పోను 2,85,000 వస్తుంది. తేడా 60,000. డబ్బు ఓ పదహారు నెలలు ముందుగా వాడుకున్నందుకు మీరు వదులుకునేది అది. వడ్డీగా చూస్తే ఏడాదికి ఇరవై శాతం. పోనీ ఆ 2,25,000 మొత్తం మీకు పనికొస్తుందా అంటే అదీ లేదు, మీకు కావాల్సింది లక్షా ఇరవై వేలు. మిగిలిన లక్షా ఐదు వేలు ఎఫ్‌డీలో వేసుకుంటానంటారేమో, పదహారు నెలలకు దాని మీద వచ్చే వడ్డీ తొమ్మిదిన్నర వేలు దాటదు. జీపు టాప్ కోసం అరవై వేలు పాటలో వదిలేసి వస్తారన్న మాట. పైగా ఎత్తాక జమానతులు తేవాలి, మిగతా ఇరవై నెలలూ తప్పకుండా కట్టాలి. మీది ప్రైవేటు ఉద్యోగం, మర్చిపోవద్దు.

మన వరంగల్‌లో చిట్టీ లేని ఇల్లు అరుదు, నేనూ కడుతున్నాను. దాన్ని తప్పుబట్టడం లేదు. అవసరం మెడ మీదికొచ్చినప్పుడు ఎత్తుకోవాల్సిందే. జీపు గుడ్డ అలాంటి అవసరం కాదు. చిట్టీని పాప చదువుకే ఉంచండి. ఎఫ్‌డీ జోలికీ పోవద్దు, అది మీ ఇంటికి రెండు నెలల ఖర్చు మాత్రమే.

ఇక హైదరాబాద్ ఎస్టిమేటు. జీఎస్టీ అదనం అన్నాడని మీరే రాశారు, కానీ మీ లెక్కలో కలపలేదు. 18 శాతం అంటే 21,600. మొత్తం 1,41,600. జీపును ట్రాలీ మీద ఎక్కించి తీసుకెళ్లడం, తేవడం వేరే. అబ్బాయి లెక్క ప్రకారం ఆరు లక్షలు పలికినా మధ్యలో బ్రోకరు, రానుపోను ఖర్చులు పోను మిగిలేది లక్షకు కాస్త అటూఇటూ. పలకకపోతే? పాత బండి కొనేవాడు ముందు అడిగేది కాగితాలు. తర్వాత బానెట్ ఎత్తుతాడు, కిందకు వంగి ఛాసిస్ చూస్తాడు. టాప్ చూసేది ఆఖరున, అదీ ధర తగ్గించడానికి ఓ వంక కోసం. టాప్ మీద పెట్టిన రూపాయికి అమ్మకంలో రూపాయి తిరిగి రావడం నేను చూడలేదు.

ఇంకో ఆశ ఉండొచ్చు, వింటేజ్ నంబరు. 2021లో కేంద్రం తెచ్చిన రూల్స్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. ఫీజు 20,000, పదేళ్ల గడువు, నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. వయసు ప్రకారం మీ జీపు సరిపోతుంది. కానీ ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదని షరతు ఉంది. పెట్రోల్ ఇంజన్ తీసి డీజిల్ వేసిన రోజే మీకు ఆ దారి మూసుకుపోయింది. బాధపడకండి, వింటేజ్ నంబరుతో రోజువారీ తిరగడం కుదరదు. ర్యాలీలకు, ప్రదర్శనలకు, పెట్రోలుకు, రిపేరుకు మాత్రమే రోడ్డెక్కాలి. మీరేమో ఆదివారం పరకాల పొలానికి పోతారు, 2024 మేడారం జాతరకు ఇంటిల్లిపాదీ అందులోనే వెళ్లామని రాశారు. మీ జీపు వాడుకునే జీపు. అందుకే కంపెనీ నుంచి వచ్చినట్టు తళతళలాడాల్సిన అవసరం లేదు, వాన ఆపితే చాలు.

ఇంతకీ మీరు ఒక్క వాక్యంలో దాటేసిన విషయమే నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది. ఆర్సీ గడువు లేదు, ఇన్సూరెన్స్ లేదు, ఓనరు బతికి లేరు. ఈ స్థితిలో జీపు ఎవరికైనా తగిలితే ట్రిబ్యునల్ వేసే పరిహారం ఏ ఇన్సూరెన్స్ కంపెనీ కట్టదు. మీరు కట్టాలి. అప్పుడు లోన్ తీరని ఆ ఇల్లూ, ఆ రెండెకరాలూ ప్రమాదంలో పడతాయి. కాగితాలు అయ్యేదాకా జీపు గేటు దాటకూడదు, పొలం దాకా అయినా సరే.

కాగితాల ఖర్చు ఇలా ఉంటుంది. 2025 ఆగస్టులో ఫీజులు పెంచారు, ఇరవై ఏళ్లు దాటిన కారుకో జీపుకో ఆర్సీ రెన్యువల్ పది వేలు. ఆలస్యానికి నెలకు 500, ఇప్పటికి ఏడు నెలలకు 3,500, జనవరికైతే 5,000. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, 1,500 సీసీ దాటిన సొంత వాహనానికి 2022లో ఖరారైన రేటు 7,897, జీఎస్టీ కలిపితే 9,300 దాటుతుంది. పేరు మార్పిడి, పొల్యూషన్, చిల్లర ఖర్చులతో సహా ఇవన్నీ కలిపి పాతిక వేలు పక్కన పెట్టుకోండి. గ్రీన్ ట్యాక్స్ ఎంత పడుతుందో ఆర్టీఏ ఆఫీసులో కనుక్కోండి, అది దీనికి అదనం. సొంత డ్యామేజీకి కూడా పాలసీ తీసుకోమని ఏజెంటు అడుగుతాడు, ఈ వయసు బండికి మీ పరిస్థితిలో అక్కర్లేదు.

పేరు మార్పిడికి ఫారం 31. అసలు 30 రోజుల్లో ఆర్టీఏ ఆఫీసుకు చెప్పి, మూడు నెలల్లో దరఖాస్తు పెట్టాలి. మీకు రెండేళ్లయింది కాబట్టి కొంత జరిమానా పడొచ్చు. డెత్ సర్టిఫికెట్, వారసుల సర్టిఫికెట్‌తో పాటు మీ అమ్మగారు, కరీంనగర్‌లో ఉన్న మీ అక్క తమకు అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. అబ్బాయి అమ్మేద్దామంటున్నాడు కదా, అమ్మాలన్నా ఈ సంతకాలు కావాలి, వచ్చిన డబ్బులో వాళ్ల వాటా సంగతీ తేలాలి.

ఇక తుప్పు. ఎస్టిమేట్లు నమ్మే ముందు మీరే ఒక పూట కూర్చుని చూసుకోండి. గుడ్డ విప్పేసి పైపును సాకెట్లోంచి పైకి లాగండి. బలవంతం వద్దు, రాత్రి కాస్త డీజిలు పోసి ఉంచితే పొద్దుటికి కదులుతుంది. పైపు పొడుగునా స్క్రూడ్రైవర్ పిడితో కొడుతూ రండి. గట్టిగా ఉన్నచోట ఠంగుమంటుంది, లోపల తినేసిన చోట మొద్దుగా మోగుతుంది. రంగు ఉబ్బిన చోట మొనతో పొడిచి చూడండి. తుప్పు ఇనుము కన్నా ఎన్నో రెట్లు ఉబ్బుతుంది కాబట్టి రంగు కింద బొబ్బలా లేస్తుంది, గీకితే కొన్నిచోట్ల కింద గట్టి ఇనుమే కనబడుతుంది. కొన్నిచోట్ల మొన లోపలికే పోతుంది. సాధారణంగా పోయేది అడుగున జానెడు మేర. నీళ్లు బోలు పైపులోంచి జారి సాకెట్లో నిలుస్తాయి, బయటికి పోయే దారి ఉండదు. మీకు వరద నీళ్లూ తోడయ్యాయి.

ఆ జానెడు మేర మాత్రమే పోతే మొత్తం పైపు మార్చక్కర్లేదు. కుళ్లిన ముక్క కోసి, లోపల సరిగ్గా పట్టే ఇంకో పైపు ముక్క దూర్చి, రెండూ కలిపి వెల్డింగ్ చేస్తారు. వంపు దగ్గర పోతే మాత్రం ఆ పైపు కొత్తది వంచుకోవాల్సిందే. పైపులో ఇసుక నింపి, రెండు కొసలూ బిగించి వంచితే నొక్కుకుపోకుండా వస్తుంది. మీ మేస్త్రీని ఇసుక నింపి వంచుతావా అని అడగండి, జవాబు చెప్పే తీరులోనే పనివాడో కాదో తెలిసిపోతుంది. సాకెట్ల అడుగున నీళ్లు కారిపోయేలా సన్నని రంధ్రం వేయించండి. దానికి అయ్యే ఖర్చు టీ డబ్బులంత.

అద్దం ఫ్రేములో అడుగు పట్టీ రబ్బరు కింద నీళ్లు పట్టి పోతుంది. అది పల్చటి రేకు, మామూలు ఆర్క్ వెల్డింగ్‌తో బొక్కలు పడతాయి. సీఓటూ గ్యాస్‌తో చేసే వెల్డింగ్ ఉన్న షాపులోనే చేయించండి. సగం కంటే ఎక్కువ పోయి ఉంటే మాత్రం ఈ ఒక్కటీ కొత్తది కొనడమే నయం. కొనేటప్పుడు మీ పాత ఫ్రేము కొలతలు పట్టుకెళ్లండి, తర్వాత వచ్చిన మోడళ్లది మీ దానికి కూర్చోదు. అద్దం పగులుతుందని భయం వద్దు. జీపుది చదును అద్దం, లామినేటెడ్ ముక్క కోసి ఇస్తారు.

గుడ్డ మాత్రం చివర్న. ఇది అనుభవంతో చెబుతున్నాను. మా మేనమామ పాత స్కూటరుకు నేను ముచ్చటపడి ముందు సీటు కవరు కుట్టించాను. వారం తర్వాత ఫ్లోర్ బోర్డు వెల్డింగుకు ఇస్తే నిప్పురవ్వలు పడి కొత్త కవరు జల్లెడైంది. సీటు తీసి పక్కన పెట్టాలని వెల్డరుకు తోచలేదు, నాకూ తోచలేదు. ఆ 900 రూపాయలు ఇప్పటికీ గుర్తు. పైగా ఫ్రేము బాగుచేశాక పైపుల కొలత అంగుళం అటూఇటూ అవుతుంది, ముందే కుట్టించిన గుడ్డ దానికి పట్టదు.

డబ్బు ఇలా సర్దండి. ఇప్పుడు అక్టోబరు. జనవరి దాకా నెలకు ఆరు వేల చొప్పున 24,000, పాతిక వేలకు వెయ్యే తక్కువ, అది కాగితాలకు. ఈలోగా షెడ్డులో జీపును ఇటుకల ఎత్తున నిలిపి, పైన టార్పాలిన్ కప్పండి, పక్కలు గాలి ఆడేలా వదలండి. గీకిన చోట్ల ఒక చేయి రెడ్ ఆక్సైడ్ పూస్తే చిలుము ముదరదు, అది మీరే పూయొచ్చు. సంక్రాంతికి కౌలు డబ్బు రాగానే 23,000 పెట్టి పైపులు, సాకెట్లు, అద్దం ఫ్రేము. ఏటా ఆ ముప్పై వేలు పండగ ఖర్చుల్లో కలిసిపోతున్నాయన్నారు, ఒక్క ఏడాది నాన్న భూమి డబ్బు నాన్న జీపుకు పోనివ్వండి. మిగిలే ఏడు వేలకు ఫిబ్రవరి, మార్చి నెలల ఆరేసి వేలు కలిపితే 19,000. ఉగాదికల్లా గుడ్డ. వానలకు ముందు అయిపోతుంది, అప్పు లేదు, చిట్టీ కదలదు.

మేస్త్రీకి మొత్తం ఒకేసారి ఇవ్వొద్దు. పాత పైపు ముక్కలు, సాకెట్లు అతని దగ్గరే వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోండి, రేపు కొలతలకు పనికొస్తాయి. ఎస్టిమేటు 41,000 అన్నది పని మొదలయ్యాక పెరుగుతుంది. రంగు గీకితే గానీ కింద ఏముందో ఎవరికీ తెలియదు. 50,000 దాటితే మాత్రం ఆపి నాకు రాయండి. అప్పుడు కిటికీల పక్క గుడ్డలు మానేసి పైన ఒక్కటే వేయించే మాట ఆలోచిద్దాం.

అబ్బాయికి జవాబు కూడా చెప్పాలి కదా. అతని తొందరలో తప్పు లేదు. నిజంగా అమ్మాలని ఇంట్లో అందరూ అనుకుంటే టాప్ మీద రూపాయి పెట్టకుండా, కాగితాలు మాత్రం సరిచేసి అమ్మండి. మీ పేరు మీద చెల్లే ఆర్సీ చేతిలో ఉంటే ఆ మూడున్నర దగ్గరే ఆగక్కర్లేదు, గట్టిగా బేరమాడొచ్చు. సొంత వాడకానికి ఉంచుకున్న వాహనం ఆదాయపు పన్ను దృష్టిలో క్యాపిటల్ అసెట్ కాదు, అమ్మితే లాభం మీద పన్ను ఉండదు. నష్టం వచ్చినా ఎక్కడా చూపించుకోలేరు. అమ్మినా, ఉంచుకున్నా మొదటి ఖర్చు మాత్రం ఆ పాతిక వేలే. కాబట్టి మీ ఇద్దరి గొడవ సంక్రాంతి దాకా వాయిదా వేసుకోవచ్చు. ఈ ఆదివారం పొలానికి బదులు బస్సెక్కి కరీంనగర్ వెళ్లి అక్కతో మాట్లాడి రండి. ఆర్సీ జిరాక్సే ఉందన్నారు, ఒరిజినల్ నాన్న పాత కాగితాలతో పాటు వాళ్లింట్లో ఉందేమో ఓసారి వెతకమనండి. దొరక్కపోతే డూప్లికేట్ కోసం ఇంకో నెల తిరగాలి.