స్టేజీ మీద బాగున్న నాట్యం ఫోన్‌లో ఎందుకు చప్పబడుతుంది?

మీ ప్రశ్న ఇది: "12 ఏళ్ళుగా కూచిపూడి చేస్తున్నాను. స్టేజీ మీద చప్పట్లు పడ్డ ఐటమే ఫోన్‌లో తీస్తే చప్పగా ఉంటోంది. తెర కోసమే చేసే నృత్యం వేరే ఉందంటున్నారు. అదంటే సినిమా పాటేనా? మాలాంటివాళ్ళు చెయ్యగలమా?"

చెయ్యగలరు. చేసి, చెడగొట్టి, మళ్ళీ చేసినదాన్ని కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. ముందు నా తరంగం గోల వినండి. తరంగం అంటే ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి, కృష్ణుడి పాటకి చేసే కూచిపూడి ఐటమ్.

2020 లాక్‌డౌన్‌లో సభలు లేవు. మా మేడ మీద ఇత్తడి పళ్ళెం వేసుకుని తరంగం చేశాను. మా మరిది పిట్టగోడ మీద రెండు ఇటుకల మధ్య ఫోన్ నిలబెట్టి, అటు చివర్నించి పది నిమిషాలు ఆపకుండా తీశాడు. రాత్రి చూసుకుంటే వెనక నీళ్ళ ట్యాంకు, తాడు మీద ఆరేసిన దుప్పటి, మధ్యలో బొటనవేలంత నేను. పళ్ళెం అంచుల మీద కదిలేటప్పుడు సభలో జనం ఊపిరి బిగబడతారే, దాని జాడ కూడా లేదు. సభలో కూర్చున్నవాడు పళ్ళెం చూడాలనిపిస్తే పళ్ళెం చూస్తాడు, మొహం చూడాలనిపిస్తే మొహం చూస్తాడు. నేను పడతానేమోనన్న భయం కూడా వాడిలో ఉంటుంది. పిట్టగోడ మీద ఫోన్‌కి ఆ బెంగ ఎక్కడిది?

మర్నాడు మా మరిదే అన్నాడు, "వదినా, ఈసారి నేల మీద పడుకుని తీస్తా, పళ్ళెం తప్ప ఇంకేం పడకుండా" అని. అలా తీసింది నలభై సెకన్లు. సిమెంటు మీద ఇత్తడి గీరుకున్న చప్పుడు, అంచును కరుచుకున్న కాలివేళ్ళు, ఎక్కడినుంచో జారి పళ్ళెంలో పడ్డ ఒక చెమట చుక్క. నా మొహం లేదు, చేతులు లేవు, కృష్ణుడూ లేడు. అయినా పది నిమిషాల వీడియోలో కనబడని నాట్యం అందులో కనబడింది.

"యతో హస్తస్తతో దృష్టిః" అని చిన్నప్పుడు వల్లించాం కదా. చెయ్యి ఎటు పోతే చూపు అటు. స్టేజీ మీద ఆ చూపు ఆడేవాళ్ళది, తెర మీద కెమెరాది. మీరు అడుగులు మాత్రమే కూర్చి చూపుని ఫోన్‌కి వదిలేస్తే వచ్చేది రికార్డింగ్. ఏ అడుగు ఎంత దగ్గర నుంచి కనబడాలి, ఎక్కడ తెగాలి, తెగి ఎక్కడ తేలాలి అన్నవి కూడా మీరే కూరిస్తే అది తెర కోసం చేసిన నృత్యం.

ఇదేం కొత్త సరదా కాదు. 1945లో అమెరికాలో మాయా డెరెన్ అనే ఆవిడ, టాలీ బీటీ అనే నర్తకుడితో ఒక చిన్న మూకీ చిత్రం తీసింది. నాలుగు నిమిషాలు కూడా ఉండదు. కెమెరా అడవిలో మెల్లగా గుండ్రంగా తిరుగుతుంటే, అది ఎటు తిరిగితే అటు అతనే ప్రత్యక్షమవుతాడు. అడవిలో పైకెత్తిన కాలు గదిలో దిగుతుంది. చివరి గెంతును కొన్ని ముక్కలు అతికి తయారుచేశారు, అందుకే మనిషి ఉండగలిగినదానికంటే ఎక్కువసేపు గాలిలో ఉంటాడు. ఏ స్టేజీ మీదా ఎవరూ చెయ్యలేని గెంతు అది. మన దగ్గర నర్తకుడు ఉదయ్ శంకర్ 1948లో 'కల్పన' తీశారు, మద్రాసు జెమినీ స్టూడియోలో. రెండున్నర గంటల సినిమాలో నాట్యానిదే పెద్ద పీట.

సినిమా పాటతో తేడా అంటారా? పాటలో నాట్యం కథకో హీరోకో ట్యూనుకో పని చేసిపెడుతుంది. ఇక్కడ అలాంటి యజమాని ఎవరూ లేరు. పాటని తక్కువ చెయ్యడం లేదు, అందులోని పనితనం చూసి నేర్చుకున్నదే ఎక్కువ. ఉదాహరణకి స్లో మోషన్. మామూలుగా తీసిన జతిని, అంటే తాళానికి పడే అడుగుల వరుసని, నేను ఎడిటింగ్‌లో నెమ్మది చేస్తే తకధిమి ఒకచోట, కాలు ఇంకోచోట. సినిమావాళ్ళ చిట్కా ఏమిటంటే, పాటని రెట్టింపు వేగంలో వినిపిస్తూ తియ్యడం. మీ ఫోన్‌లో సెకనుకు 60 ఫ్రేములు పెట్టుకుని, నట్టువాంగం (తాళం వేస్తూ గురువు చెప్పే జతులు) రెట్టింపు వేగంలో పెట్టి ఆడండి. తర్వాత దాన్ని 30 ఫ్రేముల దగ్గర నడపండి. వేగం సగమవుతుంది, అడుగు తాళంలోనే పడుతుంది. మనకిది కష్టం కూడా కాదు, రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో ఆడి మొదటి కాలంలో చూపించడమే కదా. జడకుప్పెలు మాత్రం గాలిలో తీరిగ్గా దిగుతాయి. ఆ అందం కోసం ఎన్ని టేకులైనా ఆడొచ్చు.

డెరెన్ కాలు నేనూ ప్రయత్నించాను. ఇంట్లో ఎత్తి, గోదావరి గట్టున దించాలని. పాదం ఎత్తు, కెమెరా ఉన్న దిక్కు రెండు చోట్లా ఒకేలా ఉంటే కన్ను ఇట్టే నమ్మేస్తుంది. అవి సరిగ్గానే కుదిరాయి. తీరా కలిపి చూస్తే గట్టు మీద కాలికి గజ్జెల్లేవు! కట్టుకోవడం మరిచిపోయాను. మళ్ళీ వెళ్ళి తీద్దామనుకుంటూనే ఆ ముక్క నాలుగుసార్లు చూశాం. ఇంట్లో గజ్జెలు మోగుతూ మోగుతూ కాలు నేల తాకగానే నీళ్ళ చప్పుడు. అలాగే ఉంచేశాం.

మీరు మొదలుపెట్టేటప్పుడు పూర్తి ఐటమ్ జోలికి పోకండి. ఒక్క అడుగు తీసుకుని, దాన్ని ఐదు చోట్ల నుంచి తియ్యండి, నిమిషం దాటనివ్వకండి. పాట ముందే పెట్టుకోవద్దు. పెడితే చెయ్యి దానంతటదే వీడియోని తాళానికి కోసేస్తుంది, చివరికి రీల్ తేలుతుంది.

మా గురువుగారికి చూపించడానికి నేను రెండు నెలలు జంకాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని మొత్తం చూశారు. "అరమండి ఎక్కడ కనబడిందమ్మా ఇందులో?" అన్నారు. మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చునే మన మూల భంగిమ అది. నేనేం మాట్లాడలేదు. కాసేపాగి పళ్ళెం ముక్క మళ్ళీ పెట్టమన్నారు. "దీని చప్పుడు ఇలా ఉంటుందా? ఇన్నేళ్ళూ మృదంగం కింద నాకు వినబడనేలేదు" అన్నారు.