చలికీ చలనానికీ చుట్టరికం ఉందా?

ప్రశ్న: మాస్టారూ, 'చలి' అనే మాట సంస్కృత 'చలనం' నుంచి వచ్చిందని మా బావగారి వాదన. చలికి ఒళ్లు వణుకుతుంది, అంటే కదులుతుంది కాబట్టి ఆ పేరట. నిజమేనా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ఊహ బాగానే ఉంది గానీ నిజం కాదమ్మా. మీ బావగారిని ఒక్కటి అడగండి. మే నెల ఎండలో రోడ్డు పక్కన తాటాకు పందిరి వేసి, కుండల్లో నీళ్లు పెట్టే చోటుని చలివేంద్రం అంటాం కదా, అక్కడ వణికేది ఎవరు?

చలి అంటే అసలు చల్లదనమే. చల్లన, చల్లారడం, చలవ అన్నీ ఆ ఇంటివే. రాత్రి మిగిలి చల్లారిన అన్నం 'చలిది'. నోళ్లలో నలిగి నలిగి అది చల్ది అయింది, తర్వాత చద్ది అయింది. పోతన భాగవతంలో కృష్ణుడు గోపబాలురతో కూర్చుని ఆరగించిన చల్దులు ఇవే. చద్దన్నంలో చలి ఉందిరా అంటే క్లాసులో పిల్లలు నన్ను అనుమానంగా చూసేవారు. 'చలించు' మాత్రం సంస్కృతం నుంచి వచ్చిందే. రెండూ ఒకేలా వినబడటం వల్ల వచ్చిన చిక్కు ఇది.

వాడుకలోనూ తమాషాలున్నాయి. మా వైపు 'చలేస్తోంది' అంటాం, మరికొన్ని చోట్ల 'చలి పెడుతోంది' అంటారు. తెలంగాణ పల్లెల్లో 'ఇగం' అనే చక్కని మాట కూడా ఉంది. ఇక మంట దగ్గర వెచ్చబడటానికి కూర్చుని 'చలి కాచుకుంటున్నాం' అంటామెందుకో, ఎన్నిసార్లు అన్నా నాకు నవ్వే!

ఇది మన ఒక్కరి మాటే కాదు, ద్రావిడ భాషల ఉమ్మడి ఆస్తి. కన్నడంలో 'చళి', శీతాకాలం 'చళిగాల'. తమిళంలోనూ 'సళి' ఉంది. కాకపోతే అక్కడ వాడుకలో అది జలుబుకీ కఫానికీ పేరైపోయింది. ఈ సంగతి నాకు ఏ నిఘంటువూ చెప్పలేదు. చెన్నైలో అద్దెకున్న రోజుల్లో, ఒక డిసెంబరు సాయంత్రం వానలో తడిసి వచ్చి, వచ్చీరాని తమిళంలో ఇంటావిడతో 'సళి, సళి' అన్నాను. పాపం ఆవిడ కంగారుపడి మిరియాల కషాయం కాచి తెచ్చింది. వాతావరణంలోని చలికి 'కుళిర్' అనాలని, ఆ గ్లాసు మొత్తం తాగించాక వాళ్లాయన చెప్పాడు.