దుబాసీ లేని నీ నల్లగొండ

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల రెండుసార్లు చదివాను. 1948లో భారత సైన్యం కంటే ముందే ఐక్యరాజ్యసమితి దళం హైదరాబాద్ సంస్థానంలో దిగి, నల్లగొండ పల్లెల్లో తిరగబడిన రైతులకూ రజాకార్లకూ నడుమ నిలబడటం మంచి ఊహ.

కానీ ఆ సైనికుల తలలమీద నీలి టోపీలు చూసి కోపం వచ్చింది. ఆ టోపీలు 1956లో, సూయజ్ సంక్షోభంలో పుట్టాయి. 1948లో సమితి పాలస్తీనాకు పంపింది ఆయుధాలు లేని పరిశీలకులనే. జరగని చరిత్ర రాసేవాడికి ఒక్క అబద్ధమే చెల్లుతుంది నాయనా. నిజాం ఫిర్యాదు ఆగస్టు 21న వెళ్ళింది. పారిస్‌లో భద్రతా మండలి దాన్ని సెప్టెంబరు 16న గానీ చేపట్టలేదు. సైన్యం 13ననే కదిలింది, 17న నిజాం లొంగిపోయాడు. మండలి మూడు వారాలు ముందే కూర్చుందన్నది నీకు చెల్లే ఆ ఒక్క అబద్ధం. ఆయుధాలతో దళాన్ని పంపాలని అక్కడ ఎవరికి, ఎందుకు తోచిందో ఇక నువ్వు నమ్మించాలి. మూడు నెలల్లో శాంతి తెచ్చేశావు. భారత సైన్యం వచ్చాక కూడా పోరాటం 1951 అక్టోబరు దాకా ఆగలేదే! దున్నుకుంటున్న భూమి మళ్ళీ దొర చేతికి పోతుందన్న భయం ఏ సైన్యాన్ని చూస్తే తీరుతుంది?

ఇవన్నీ దిద్దుకోవచ్చు. నన్ను నిద్రపోనివ్వనిది ఆ ముసలమ్మ. వెట్టిలో చచ్చిపోయిన కొడుకు గురించి విదేశీ అధికారికి చెప్పుకుంటుంది. అతను "అర్థమైంది" అంటాడు. ఎలా అర్థమైంది? అతనిది ఇంగ్లీషు, సర్కారుది ఉర్దూ, ఆమెది తెలుగు. ఆ ఊళ్ళో ఉర్దూ కాగితం చదవగలిగినవాడు భూముల లెక్కలు రాసే పట్వారీ. ఆమె చెలకను దొర పేరున ఎక్కించిన చెయ్యి అతనిదే. అతనే దుబాసీ, ఒకరి భాషలోని మాటను ఇంకొకరి భాషలో చెప్పేవాడు. ఆమె ఏడుపు అతని నోటి గుండానే శిబిరానికి చేరాలి. నీ నవలంతా ఆ నోట్లోనే ఉంది, నువ్వేమో దాన్ని దాటి తుపాకుల దగ్గరికి పరిగెత్తావు. ఇప్పటి యుద్ధ నవలలన్నీ ఇంతే. పటాలు, సేనానులు, తుపాకుల పేర్లు. మాట ఎవరు మోశారో ఎవరికీ పట్టదు.

చిత్తూరు వాడివి, సంతలో ఒకే బేరం తెలుగులో మొదలై అరవంలో ముగియడం విన్నవాడివి, నీకు ఇది తోచకపోవడమేమిటి?

నా పాతికేళ్ళ వయసులో చిత్తూరు కోర్టు బయట చెట్టు కింద అర్జీలు టైపు చేసేవాణ్ణి. ఒక అరవ ముసలమ్మ పావుగంట ఏడుస్తూ చెప్పింది. పక్కనున్న గుమాస్తా "పొలం తగాదా" అని రెండు మాటల్లో తేల్చాడు. నాకు అరవం వచ్చు. ఆమె చెప్పిందంతా అర్థమైంది. అయినా ఆ రెండు మాటలే టైపు చేసి డబ్బులు తీసుకున్నాను. నా మొదటి కథ అదే. ఒక వారపత్రిక సంపాదకుడు "నడుమ గుమాస్తా ఎందుకు, కథ నడక కుంటుపడుతోంది" అని అతన్ని కొట్టేసి అచ్చువేశాడు. చెయ్యని తప్పుకు ఆమె ఒక్కతే ఏడుస్తున్నట్టు మిగిలింది నా కథ. నలభై ఏళ్ళయింది, ఆ సంచికను ఇంట్లో ఉంచుకోలేదు.

ఏ పత్రికకు పంపాలో తర్వాత మాట్లాడదాం. ముందు పట్వారీని ఆ శిబిరంలో నిలబెట్టు. ముసలమ్మ చెప్పింది ఒక పేజీ, అతను చెప్పింది ఒక పేజీ రాసి, ఆ రెండే నాకు పంపు.

నీ శ్రేయోభిలాషి